నాదస్వరం డబ్బా

సొట్టపోయిన అల్యూమినియం టిఫిన్ డబ్బా ఎవరింట్లోనైనా కంటబడితే, దాన్ని అడిగి పుచ్చుకునేదాకా కదిరప్పకు అన్నం సహించదు. గురుబరపల్లిలో ఈ సంగతి అందరికీ తెలుసు. పొద్దున్నే హైవే మీద కంపెనీ బస్సెక్కి హోసూరు పోతాడు. బండ్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పగలంతా ప్రెస్సు మీద రేకులు కత్తిరిస్తాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక మళ్ళీ రేకు డబ్బాలకే చిల్లులు పొడుస్తూ కూర్చుంటాడు. "కంపెనీలో కొట్టింది చాలలేదా కదిరప్పా, ఇంటికి కూడా తెచ్చుకున్యావా?" అని వీధిలో వాళ్ళు అడిగితే నవ్వుతాడు. పిచ్చి ఉన్నవాడికి ఉన్న సుఖమే అది, ఎవరికీ జవాబు చెప్పే పని లేదు.

ఆయన చేసేది గిటారు పెడళ్ళు. గిటారుకూ స్పీకరుకూ మధ్య తగిలించి, నేల మీద పెట్టి కాలితో నొక్కే చిన్న డబ్బా అది. నొక్కితే గిటారు గొంతు మారిపోతుంది. ఒకటి గరగరలాడిస్తుంది, ఇంకొకటి వాయించిన ముక్కను మళ్ళీ మళ్ళీ వెనక్కి తెచ్చి వినిపిస్తుంది. గొర్రెలు కాసిన ఇంట్లో పుట్టినవాడికి ఈ పిచ్చి ఎక్కడ అంటుకుందంటే, దానికి కారకుడు సెల్వరాజ్.

పడుచుతనంలో కదిరప్ప కృష్ణగిరి రౌండానా కూడలి దగ్గర ఒక రేడియో రిపేరు కొట్లో పని నేర్చుకున్నాడు. రేడియోలు పోయాయి, వాటి వెనకే కొట్టూ పోయింది. పొట్ట కోసం ప్రెస్సు షాపులో చేరాడు గానీ చేతిలోని విద్య ఊరికే కూర్చోలేక దురద పెడుతూ ఉండేది. అట్లాంటి రోజుల్లో సెల్వరాజ్ ఒక పాడైన పెడల్ పట్టుకుని వచ్చాడు. వారమంతా లేత్ మిషన్ మీద పనిచేసి, జాతరల కాలంలో ఆర్కెస్ట్రాలో గిటారు వాయించే కుర్రవాడు. హోసూరులో, బెంగళూరులో అందరూ బాగుచేయలేమన్నారట. కదిరప్ప మూత విప్పి చూశాడు. లోపల గుప్పెడు సామాను కూడా లేదు.

"ఇంతేనా దీని సంబరం?" అన్నాడు.

ఆ పూటకే బాగుచేసి ఇచ్చాడు. మరుసటి ఆదివారం తానే ఒకటి తయారు చేశాడు. పెట్టె కొనడమెందుకని కూతురు మంజుశ్రీ బడికి తీసుకుపోయిన పాత టిఫిన్ డబ్బాకు చిల్లులు పొడిచి, అందులోనే సామానంతా కూర్చాడు. పాత రేడియోల్లోని ట్రాన్సిస్టర్లకు గరగరలో కూడా ఒక మెత్తదనం ఉంటుందని ఆయన నమ్మకం. అందుకని చుట్టుపక్కల పల్లెల్లో అటకల మీద దుమ్ము పట్టిన రేడియోలన్నీ మెల్లగా ఆయన ఇంటికి చేరాయి. గరగరలాడించే డబ్బాకు తుమ్మెద అని పేరు పెట్టాడు. శబ్దాన్ని తిప్పి పంపే దానికి బర్గూరు అన్నాడు, అక్కడి రాళ్ళ క్వారీ గుంతలో అరిస్తే అరుపు తిరిగొస్తుంది కాబట్టి. గొర్రెల దొడ్డి పక్కన పాత మేత గది ఆయన కార్ఖానా అయింది. ప్రెస్సు ముందు నిలబడేవాడు కంపెనీ మనిషి, పొలమూ మందా భార్య నాగక్క రాజ్యం. ఈ గది ఒక్కటే ఆయనది, తనకు తానుగా ఉండగలిగిన చోటు భూమ్మీద అదొక్కటే.

తన చెవి మీద కదిరప్పకు చెప్పలేనంత గురి. ప్రెస్సు షాపులో ఆయన చెవికి పేరుంది. రేకును కత్తిరించే అచ్చు, అంటే డై, మొద్దుబారితే రేకు తెగే చప్పుడు మారుతుంది, ఆ తేడా మిగతావాళ్ళకు అంతుపట్టదు. కదిరప్ప మాత్రం మిషన్ ఆపి, "ఇది ఇంక రోంత సేపే, సాన పెట్టండప్పా" అనేవాడు. విప్పి చూస్తే నిజమే. కంపెనీ చెవుల్లో పెట్టుకోమని ఇయర్ ప్లగ్గులు ఇచ్చింది. పెట్టుకుంటే డై మాట వినబడదని ఆయన వాటిని జేబులో వేసుకునేవాడు. తనిఖీకి ఎవరైనా వస్తే పెట్టుకుని, వాళ్ళు వెనక్కి తిరగ్గానే తీసేసేవాడు. ప్లగ్గు పెట్టుకుని ప్రెస్సు నడపడం కళ్ళకు గంతలు కట్టుకుని నాగలి దున్నడమేనని కొత్తగా చేరినవాళ్ళకు కూడా చెప్పేవాడు.

నిరుడు మారెమ్మ జాతరలకు ముందు సెల్వరాజ్ ఒక కోరికతో వచ్చాడు. వాళ్ళ ఆర్కెస్ట్రాలో నాదస్వరం వాయించేవాళ్ళు లేరు. జాతరలో మొదటి పాట అమ్మవారిది, అందులో నాదస్వరం లేకపోతే జనం ఒప్పుకోరు. కీబోర్డులో వచ్చేది ప్లాస్టిక్ పీపీలాగా ఉంటోంది.

"అన్నా, గిటారును నాదస్వరం మాదిరి పలికించే డబ్బా ఒకటి చెయ్. నీ చేతనే అయ్యేది" అన్నాడు.

ఆ చివరి మాటతో కదిరప్ప పడిపోయాడు. అప్పటినుంచీ ఆయనకు వేరే లోకం లేదు. బెంగళూరు పోయి ఎస్పీ రోడ్డులో ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లన్నీ తిరిగాడు, రేడియోలన్నీ విప్పి ట్రాన్సిస్టర్లు ఒక్కొక్కటిగా మార్చి చూశాడు. నాదస్వరంలో ఒక జీర ఉంటుంది, గొంతు చీల్చుకుని వచ్చే పదును. అది పట్టుబడక తిప్పలు పడ్డాడు. ఎంత చేసినా ఆయనకు పదును చాలలేదు, ఇంకా ఇంకా పెంచుకుంటూ పోయాడు. దొడ్డిలో గొర్రెలు ఆ గది వైపు గోడ వదిలిపెట్టి అవతలి మూలకు చేరాయి.

"ఏమప్పా అది, చెవిలో సూది పెట్టి తిప్పినట్లుండాది" అంది నాగక్క.

"నీకేం తెలుస్తాది, నీకు గొర్రెల అరుపే సంగీతం" అన్నాడు కదిరప్ప.

ఆమె కాకి పిల్ల కాకికి ముద్దు అనుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

బర్గూరు పక్కన ఒక పల్లె జాతరలో డబ్బా మొదటిసారి వేదిక ఎక్కింది. కదిరప్ప ఉతికిన పంచె కట్టుకుని, నాగక్కను వెంటబెట్టుకుని సాయంత్రానికే పోయి వేదిక పక్కన నిలబడ్డాడు. దీపాలు పెట్టారు, అమ్మవారి పాట ఎత్తుకున్నారు. సెల్వరాజ్ ఆయన వైపు చూసి తల ఊపి, కాలితో డబ్బా నొక్కాడు.

కదిరప్ప ఒళ్ళు పులకరించింది. నాదస్వరమే అది. నెలల తరబడి తాను వెతికిన జీర గాల్లో తేలుతూ వస్తోంది. కళ్ళు మూసుకున్నాడు. మంచి చోట ఆ నాదస్వరం ఆగిపోయి మామూలు గిటారు వినిపించేసరికి కళ్ళు తెరిచాడు. ముందు వరసలో పిల్లలు రెండు చెవులూ మూసుకుని ఉన్నారు. ఒక ముసలామె మొహం చిట్లించి పక్కావిడ భుజం వెనక తల దాచుకుంది. మైకుసెట్టు అతను పరుగెత్తి మిషన్ మీద ఏవేవో తగ్గిస్తున్నాడు. సెల్వరాజ్ డబ్బాను కాలితో పక్కకు జరిపేశాడు. ఇంతమంది జనంలో ఆ శబ్దం తియ్యగా వినబడింది తనొక్కడికే. అది అప్పుడు ఆయనకు అర్థం కాలేదు.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు, కదిరప్ప పోయి మైకుసెట్టు అతని మీద పడ్డాడు. స్పీకర్లు పనికిరానివి అన్నాడు, వైర్లు చచ్చినవి అన్నాడు. సెల్వరాజ్ దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు.

"స్పీకరు మీద తప్పులేదన్నా. డబ్బానే రోంత చెవి కోస్తా ఉండాది. ముందరి డబ్బాలు కూడా అంతే, నేనే టోన్ తగ్గించుకుని వాయిస్తా వచ్చినాను. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

"నాకు నేర్పిస్తావా?" అన్నాడు కదిరప్ప.

డబ్బా పీక్కుని వచ్చేశాడు. తిరుగు బస్సులో డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే మనుషులకు నాలుగో కాలు ఎవరు చూపించినా శత్రువే.

ఆ తర్వాత కొన్ని వారాలు మబ్బుగా గడిచాయి. ఒక సాయంత్రం ఇంటి ముందు కూర్చుని ఉండగా నాగక్క మందను దొడ్డికి తోలి వచ్చి పక్కన కూర్చుంది. అప్పుడే చీకటి పడుతోంది. కదిరప్ప అలవాటుగా తన పాత బాధ ఎత్తుకున్నాడు.

"హైవే పెద్దదైనాక ఊరు ఊరే కాదు. కీచురాళ్ళు కూడా పోయినాయి చూడు. మా చిన్నప్పుడు ఈ వేళకు చెవులు చిల్లులు పడేవి."

ఈ మాట ఆయన బస్సులో ఎన్నిసార్లు అన్నాడో. వినేవాళ్ళు అవునవును, కాలం మారిపోయిందని తల ఊపేవాళ్ళు. కీచురాళ్ళ కోసం బస్సులో వాదించేవాళ్ళు ఎవరుంటారు? నాగక్క మాత్రం ఆయన మొహంలోకి వింతగా చూసింది.

"యాడికి పోయినాయి?"

"ఏమో. మందులు కొట్టి చంపినారు."

"ఇప్పుడు అరస్తా ఉండాయి కదప్పా. ఆ కంచె కింద, ఈ గోడలో, అంతా అవే. నీ మాట కూడా వినబడనీకుండా అరస్తా ఉండాయి."

కదిరప్ప చెవి ఒగ్గి విన్నాడు. హైవే మీద లారీ మోత వినబడింది. ఎవరో బిందె దించిన చప్పుడు వినబడింది. దొడ్డిలో గొర్రె దగ్గింది. వాటి మధ్య ఏమీ లేదు. లేచి కంచె దగ్గరికి పోయి వంగి విన్నాడు, గోడకు చెవి ఆనించి విన్నాడు. నాగక్క వేలితో ఒక రాయి చూపించింది. రాయి ఎత్తితే కింద నల్లటి కీచురాయి రెక్కలు ఆడిస్తూ ఉంది. ఆడిస్తున్న రెక్కలు కళ్ళకు కనబడుతున్నాయి. ఆయనకు భయం వేసింది.

కృష్ణగిరిలో చెవుల డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పింది. మామూలు మాటలు వినబడతాయి గానీ సన్నని, పదునైన శబ్దాలు పోయాయి. ప్రెస్సు మోత వాటిని కొద్దికొద్దిగా తినేసింది. పోయినవి రావు, ఉన్నవి కాపాడుకోవాలి.

"ఇది ఒక్కరోజులో అయ్యేది కాదు. ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదా?" అని ఆమె అడిగింది.

"కనిపెట్టకుండా ఏమ్మా? పాప చిన్నగా ఉన్నప్పటినుంచీ నేను అరస్తానే ఉండాను" అంది నాగక్క. "రెండుసార్లు పిలిస్తే గానీ పలకడు. పరధ్యానమేమో అనుకుంటిమి. వీధిలో నాకు నోరు పెద్దదని పేరు. మా అమ్మగారింట్లో అడగండి, నా గొంతు పక్కనున్నోళ్ళకే వినబడేది కాదు."

ఆమె మామూలుగానే చెప్పింది, నిష్ఠూరంగా కూడా కాదు. కదిరప్ప తల వంచుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లని సామెత చెప్పుకుని అందరూ నవ్వుతారు. ఊదేవాళ్ళ గొంతు ఎంత అరిగిపోతుందో ఎవరికీ పట్టదు.

ఇంటికి వచ్చి సాల్డరింగ్ ఐరన్ గుడ్డలో చుట్టి పైన పెట్టేశాడు. మేత గదికి తాళం వేశాడు. ఫ్యాక్టరీలో మారు మాట్లాడకుండా ప్లగ్గులు పెట్టుకున్నాడు. డై ఎప్పుడు మొద్దుబారిందో ఇప్పుడు రేకు అంచు తడిమి చూసుకోవాల్సి వస్తోంది. అది ఆయనకు పెద్ద బాధ కాలేదు. చెవితోనే బతికినవాడు, ఆ చెవినే నమ్మలేకపోతే చేసేదానికి అర్థమేముంది అనేదే బాధ. ఆ గది పోతే తాను మిగిలేది ప్రెస్సు ముందు నిలబడే మనిషిగా మాత్రమే.

ఇంట్లో ఆ మౌనాన్ని భరించలేనిది నాగక్క. డబ్బాల గోలను అన్నేళ్ళు తిట్టిన మనిషే ఒక ఆదివారం తాళం తీసి, నాదస్వరం డబ్బాను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"వాయించు. నేను చెప్తా."

"నీకు సంగీతం తెలీదు."

"తెలీదు. నొప్పి పుడితే తెలుస్తాది కదా."

కదిరప్ప గిటారు తీశాడు. వాయించడం అంతంతమాత్రమే వచ్చు. పదును పెంచి తగ్గించే టోన్ నాబ్‌ను ఆమెను తిప్పమన్నాడు. నాగక్క మొదట రవంత తిప్పింది. "ఇది సూది" అంది. ఇంకా తగ్గించింది. "ఇది మేకు." ఇంకా తగ్గించింది. ఎక్కువ తగ్గితే "ఇప్పుడు మూతికి గుడ్డ కట్టినట్లుండాది" అని మళ్ళీ వెనక్కి తిప్పింది. మందలో తల్లి తప్పిన పిల్ల ఏదో అరుపును బట్టే చెప్పే మనిషి, ఆ ఓపికతోనే వెతికింది. పొద్దు వాలేవేళకు ఒక చోట చెయ్యి ఆపింది.

"ఈడ. ఇప్పుడు గొంతు విచ్చుకొనింది. మన పెండ్లిలో వాయించినారే, అట్ల."

కదిరప్ప మళ్ళీ మీటాడు. ఆయన చెవికి అది కంబళి కప్పి వాయించినట్లు ఉంది. జీర లేదు, పదును లేదు. తాను నెలలు కష్టపడి పట్టుకున్న అందమంతా చచ్చిపోయి ఉంది.

అసలు పరీక్ష అప్పుడు ఎదురైంది. నాబ్ తనకు నచ్చిన చోట పెట్టుకుంటే ఆ తియ్యదనం తనకు దక్కుతుంది, మిగతా లోకం చెవులు మూసుకుంటుంది. ఆమె చెప్పిన చోట పెడితే లోకానికి దక్కుతుంది, తన చేతులతో చేసిన దాన్ని తాను ఎప్పటికీ వినలేడు. ఆయన నాబ్ మీద వేలు ఆనించి మళ్ళీ తీసేశాడు.

చివరికి లేచి సాల్డరింగ్ ఐరన్ దించాడు. నాబ్ అట్లాగే వదిలేస్తే ఏదో ఒక రోజు తన చెయ్యే మళ్ళీ అటు తిప్పుతుందని ఆయనకు తెలుసు. నాబ్ పీకేసి, ఆమె ఆపిన చోటును మీటరుతో కొలిచి, అంతే విలువ గల రెసిస్టర్ పెట్టి సీసం పోసి అతికేశాడు. ఆ చిల్లు మీద రేకు ముక్క మూశాడు. ఇక దాన్ని ఎవరూ తిప్పలేరు.

ఆ తర్వాత సెల్వరాజ్‌కు ఫోన్ చేశాడు. క్షమించమని అడగడం రాక, "తీరిగ్గా ఉంటే రాప్పా, డబ్బా ఒకటుండాది" అన్నాడు. సెల్వరాజ్ మరుసటి వారమే వచ్చాడు. పాత సంగతి ఎత్తలేదు. వీధి అరుగు మీద చిన్న స్పీకరు పెట్టుకుని, డబ్బా నొక్కి, అమ్మవారి పాట ఎత్తుకున్నాడు. కదిరప్ప గిటారు వైపు చూడలేదు. తనకు వినబడేది ఎట్లాగూ కంబళి కిందిదే. ఆయన ఎదురుగా నిలబడి మొహాలు చూస్తున్నాడు.

సెల్వరాజ్ నొసటి ముడి వీడింది. వాయిస్తూ వాయిస్తూ వేళ్ళ వైపు చూడడం మానేసి కళ్ళు మూసుకున్నాడు. ఎదురింటి కాళమ్మ చేట చేతిలో పట్టుకునే బయటికి వచ్చి వీధి అటూ ఇటూ చూసింది.

"ఎవరింట్లో పెండ్లి? మాకు చెప్పనేలేదే" అంది.

నాగక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పాట అయ్యాక సెల్వరాజ్ లేచి కదిరప్ప చేతులు పట్టుకున్నాడు.

"ఎట్ల పట్టినావన్నా దీన్ని?"

"నేను పట్టలేదప్పా. మీ వదిన పట్టింది" అన్నాడు కదిరప్ప.

సెల్వరాజ్ నమ్మలేనట్లు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కాఫీ తాగి, డబ్బాను టవల్లో చుట్టుకుని బండెక్కాడు. కదిరప్ప అరుగు మీదే ఉండిపోయాడు. సంతోషంగానే ఉంది, దుఃఖంగానూ ఉంది. బర్గూరు నుంచి హోసూరు దాకా జాతరల్లో ఆ డబ్బా పలుకుతుంది. జనం వింటారు. అది ఎట్లా పలికిందో తనకు మాత్రం నాగక్క మొహమే చెప్పాలి.

నాగక్క గడపలో నిలబడి ఎప్పటిలాగే వీధి వీధంతా వినబడేట్టు అరిచింది.

"నీళ్ళు కాగినాయి, స్నానానికి రా!"

కదిరప్ప లేచి ఆమె దగ్గరికి నడిచాడు. పక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు.

"ఇంక నువ్వు అరవొద్దు. మెల్లగా చెప్పు. నేనే దగ్గరికి వస్తా" అన్నాడు.

ఆమె అన్నేళ్ళు పెంచిన గొంతు దించడం చేతగాక రెండుసార్లు గొంతు సవరించుకుంది. తర్వాత, అమ్మగారింట్లో వదిలిపెట్టి వచ్చిన ఆ చిన్న గొంతుతో, "నీళ్ళు చల్లారిపోతాయప్పా" అంది.

"వినబడింది" అన్నాడు కదిరప్ప.